పదకొండుగురు మృతుల సమ్మతి

సెప్టెంబరు మొదటి సోమవారం, పొద్దు పొడిచే వేళకు, ఉర్పైమర్క గ్రామసంఘంలోని నూట పన్నెండు ఇళ్ళ మనుషులం పారలు భుజాన వేసుకొని తూము దగ్గరికి ఎక్కాం. ఏటా ఎక్కే దారే అది, ఏటా చేసే పనే. వానలు దిగేలోగా కొండచెరువు నుంచి అంచెల చేల వరకు తొమ్మిది కిలోమీటర్ల కాలువలో పూడిక తీయాలి. ఆ రోజు మాత్రం తూము చుట్టూ ముళ్ళకంచె కనిపించింది. కాలువ నోటికి ఇనుప గేటు, గేటుకు పిడికిలంత తాళం. కంచె లోపల ఇద్దరు పోలీసులు. కంచెకు తగిలించిన నీలం బోర్డు మీద "ప్రభుత్వ ఆస్తి, ప్రవేశం నిషిద్ధం" అని స్పానిష్‌లో రాసి ఉంది. చదవగలిగినవాళ్ళం చదవలేనివాళ్ళకు మా కెచువా భాషలో చెప్పాం. మాట వెనక వరసలకు పాకినకొద్దీ భుజాల మీది పారలు కిందికి దిగాయి.

మొదటి పార పడకముందు ఊరందరిలోకి పెద్దదైన వితంతువు తూములో మొక్కజొన్న కల్లు పోయాలి. ఆ ఏడు ఆ పని ఎదువిహెస్ సుల్కాది. మాకందరికీ ఎదువిహెస్ అత్త. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. బోర్డు సంగతి విని కూడా ఆగకుండా, కుండ చంకన పెట్టుకొని, కంచె తీగ పైకెత్తి దూరబోయింది. పోలీసుల్లో చిన్నవాడు భుజం పట్టి తోశాడు. ఆమె బోర్లా పడింది. కుండ రాతికి తగిలి పగిలింది.

"చెబితే అర్థం కాదా ముసలమ్మా? వెనక్కి పో!"

"ఒరేయ్, మీ తాత పుట్టకముందు నించీ ఈ కాలవ మాది."

"అప్పుడు మీది. ఇప్పుడు కాదు. మీరే రాసిచ్చారు. నూట పన్నెండు వేలిముద్రలున్నాయి కాగితం మీద. నన్నెందుకు తిడతావ్, మీవాళ్ళనడుగు."

ఆమె లేచింది. అరచేతులు గీరుకుపోయాయి. పోలీసును వదిలేసి మా వైపు తిరిగింది.

"ఎవరిచ్చారు?" అంది.

తూము ముందే, బండల మీద సభ కూర్చుంది. సభ అన్నాను గాని, ఎవరి పక్కన కూర్చోవాలో ఆ పూట ఎవరికీ తోచలేదు. సంఘాధ్యక్షుడు సతూర్నినో ఆల్కా ఇంటికి జూలైలో కొత్త రేకులు పడ్డాయి. ముందు అందరి కళ్ళూ ఆయన మీదికే పోయాయి.

"రేకులు మా అల్లుడు పంపాడు," అన్నాడాయన.

"ఎవరూ అడగలేదుగా మామా," అంది నెలీదా. ఇరవై ఆరేళ్ళ పిల్ల, పసిపిల్లల పాల కమిటీకి పెద్ద. "అడగందానికి జవాబెందుకు?"

"నీ చూపే అడుగుతోంది."

"నా చూపుకే ఇంత జంకేవాడివి, ఇంజినీరు ముందు ఎట్లా నిలబడ్డావో!"

ఎవరో నవ్వారు. నవ్వినవాడి వైపు ఇద్దరు అనుమానంగా తిరిగారు. వెనక నుంచి ఇంకో గొంతు లేచింది: "అధ్యక్షుడి సంగతి సరే. హాజరు పుస్తకం ఎవరి దగ్గరుంటది? కార్యదర్శి దగ్గర. యూనివర్సిటీ చదివొచ్చినోడు. కాగితాల్లో కిటుకులు ఆయనకు తెలిసినట్టు మనకేం తెలుసు?"

ఆ కార్యదర్శిని నేను. మే నెలలో నీటి పథకం ఆఫీసు నుంచి వచ్చిన ఇంజినీర్లు, శిక్షణ శిబిరానికి పిలుపులు రాసుకుంటామని అడిగితే, పుస్తకాన్ని రెండు రోజులు వాళ్ళ చేతికిచ్చినవాణ్ణి నేనే. ఆ మాట అక్కడే, అందరి ముందూ చెప్పాను. చెప్పడం వల్ల నా మీద నమ్మకం పెరగలేదు. పెరగాల్సిన అవసరమూ లేదు.

ఆ శిబిరం గురించి చెప్పాలి. బంగాళాదుంప చేనును మంచు నుంచి కాపాడుకోవడమెలాగో చెబుతామన్నారు. కోడికూర, అన్నం పెట్టారు. చివర్లో బల్ల మీద పై అట్ట వెనక్కి మడిచిన పేర్ల కాగితాల కట్ట, స్టాంపు ప్యాడు పెట్టి, హాజరు వేయండి అన్నారు. మా ఊళ్ళో ఆ మాటకున్న బలం పట్నంలో పుట్టినవాడికి తెలియదు. తెలుసుకొని వచ్చినవాడు మాత్రం దాంతో ఏదైనా చేయగలడు. ఊరుమ్మడి పనికి వచ్చిన ఇల్లు వేలిముద్ర వేయకుండా కదలదు. ముద్ర లేకపోతే ఆ ఇంటికి ఆ నెల వంతు నీళ్ళు లేవు. అందుకని ఆ రోజు భోజనాలకు రానివాళ్ళు కూడా, అయ్యో హాజరు తప్పుతుందేమోనని, గొర్రెల మంద నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి ముద్ర వేసి వెళ్ళారు. మమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేదు. వరస తప్పినందుకు మాలో మేమే తోసుకున్నాం.

"మరి అబ్దోన్?" అంది నెలీదా.

ఆ పేరు వినగానే ఎదువిహెస్ అత్త తల దించుకుంది. అబ్దోన్ ఆమె చెల్లెలి కొడుకు. పదిహేనేళ్ళ కిందట దిగువ పట్నానికి పోయి, దాని అంచున ఇసుకకొండ మీద గుడిసె వేసుకున్నాడు. శిబిరం రోజున ఇంజినీర్లతో జీపు దిగినవాడు, వాళ్ళ స్పానిష్‌ను మాకు కెచువాలో చెప్పినవాడు అతనే. "హాజరు కోసం వేలు వెయ్యండి" అన్న మాట మేము విన్నది అతని నోటి నుంచి.

"పట్నంలో నీళ్ళు లేవు గదా వాళ్ళకి," అన్నాడు సతూర్నినో, తన మీది నుంచి చూపు మళ్ళినందుకు తేలికపడి. "మన నీళ్ళమ్మి వాళ్ళ గొంతు తడుపుకున్నారు. సొంత రక్తం, చూడండి!"

బుధవారం నేను జిల్లా కేంద్రానికి పోయి ఆ కాగితం నకలు తెచ్చాను. శీర్షిక: నీటి హక్కుల స్వచ్ఛంద బదిలీ. కింద నూట పన్నెండు పేర్లు, నా హాజరు పుస్తకంలో ఉన్న వరసలోనే, నేను చేసిన ఒక అక్షరదోషంతో సహా. ఆ పేర్లను ఒక్కొక్కటిగా వేలు పెట్టి చదువుతూ పోతే, ఇరవై మూడో పేరు దగ్గర నా వేలు ఆగింది. మెల్చోర్ సుల్కా. ఎదువిహెస్ అత్త భర్త. ఆరేళ్ళ కిందట చనిపోయాడు.

కాలువకు చావు పట్టదు. మా పుస్తకంలో ఇంటాయన పోయినా పేరు కొట్టేయం. కొడుకు ఎదిగి వాటా కాలువ తవ్వే దాకా, లేదా ఆ వితంతువు కూడా పోయే దాకా, వంతు అతని పేరనే నడుస్తుంది. ఆమె తన వేలును అతని పేరు పక్కన వేస్తుంది. అలాంటి పేర్లు పదకొండు. ఇంజినీర్లు బతికినవాళ్ళ పట్టిక అనుకొని పుస్తకాన్ని గుడ్డిగా ఎత్తి రాసుకున్నారు. పదకొండుగురు మృతులు తమ నీళ్ళను ప్రభుత్వానికి మనస్ఫూర్తిగా ఇచ్చేసినట్లు ఆ కాగితం సాక్ష్యం చెబుతోంది.

గురువారం సభలో ఆ పేర్లు చదివాను. చచ్చినవాళ్ళ సమ్మతి చెల్లదు గదా అని జనం ఊపిరి పీల్చుకున్నారు. కానీ సతూర్నినో లేచాడు. ఆయన మూర్ఖుడు కాడు, ద్రోహి అని తేల్చడానికీ నా దగ్గర రుజువు లేదు. భయపడ్డ మనిషి, భయం చాలాసార్లు తెలివిగా మాట్లాడుతుంది.

"సంబరపడకండి. కాగితం దొంగదని చెప్పాలంటే, మొగుడి పేరు పక్కన వేలేసింది నేనే అని ఈ పదకొండు మందీ ఒప్పుకోవాలి. చచ్చినోడి ముద్ర వెయ్యడం నేరం. జైలు. పింఛను పోద్ది. పింఛనే కాదు, పాలు, బడి, మందులు, ఏది మన సొంతం? అన్నీ గవర్నమెంటు పెట్టేవే. పెట్టే చేతిని తన్ని ఏం తింటాం?"

"పాలపొడి డబ్బా ఇస్తారు మామా, నిజమే," అంది నెలీదా. "అందులో కలపడానికి నీళ్ళెవరిస్తారు? పొడి పొడిగానే నాకించమంటావా పిల్లల చేత?"

"ఎటకారం కాదు పిల్లా, నేను..."

"ఎటకారమే. నువ్వు చెప్పేది విని ఏడవలేక."

వితంతువుల్లో ఒకామె పింఛను కార్డు తీసి నేల మీద విసిరింది. "ఈ బిచ్చం నాకొద్దు. పోయి వాళ్ళ మొహాన కొడదాం పదండి."

నెలీదా వంగి కార్డు తీసి, దుమ్ము తుడిచి ఆమె చేతిలో పెట్టింది. "బిచ్చమని ఎవరన్నారు పెద్దమ్మా? నలభై ఏళ్ళు నువ్వు పండించిన దుంపలు తిన్నది ఎవరు? ఇది నీది. నీళ్ళూ నీవే. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకొమ్మని వాళ్ళంటున్నారు. ఆ బేరం మనమెందుకు ఒప్పుకోవాలి?"

ఆ రోజు మేము నేర్చుకున్న పాఠం అదే. విద్యార్థులు దీన్ని గ్రంథాల్లో చదువుతారు. మేము ఒక పాల కమిటీ పెద్ద నోట విన్నాం.

అప్పుడే అబ్దోన్ ఊళ్ళోకి నడుచుకుంటూ వచ్చాడు. కబురు చేసింది ఎదువిహెస్ అత్తే. ఎవరూ జరిగి చోటివ్వలేదు. అతను నిలబడే మాట్లాడాడు.

"హాజరు అని చెప్పమన్నారు, హాజరు అని చెప్పాను. నాకూ తెలీదు."

"స్పానిష్ చదవడం వచ్చుగా నీకు!" అని అరిచారు వెనక నుంచి. "పై అట్ట మీద ఏముందో చూళ్ళేదా?"

"చూళ్ళేదు. పని ఇస్తామన్నారు. పైపు కందకం తవ్వే పని. ఆ ఆశతో చూళ్ళేదు." కాయలు కాసిన అరచేతులు చాపాడు. "ఆ కందకం నేనే తవ్వాను. నాలుగు నెలలు. ఎక్కడికి పోతోందో నా కళ్ళతో చూశా. మా ఇసుకకొండ కిందనించే పోతది. ఒక్క కొళాయి పెట్టలేదు. మా వాడ దాటి, హైవే దాటి, ఒక కంపెనీ ద్రాక్షతోట చెరువులో పడతది. మేమింకా ట్యాంకరు నీళ్ళే కొంటున్నాం, డ్రమ్ము లెక్కన."

"అబద్ధం."

"వచ్చి చూడండి."

అందరూ ఎదువిహెస్ అత్త వైపు చూశారు. ఆమె, కొండల్లో మేమంతా ఆయాసానికి నమిలే కోకా ఆకును, ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చింది. నెమ్మదిగా లేచి అతని ఎదురుగా నిలబడింది.

"నిన్ను నమ్మమని నన్నడక్కు. నమ్మను. నా చెల్లెలు బతికుంటే అదీ నమ్మదు. అయినా దారి నీకు తెలుసు. ముందు నడు. నా కళ్ళెదట నడు."

సోమవారం మధ్యాహ్నం దుంపల లారీలు రెండింటిలో ఎనభై మందిమి దిగువ పట్నం చేరాం. అబ్దోన్ కందకం చూపించాడు. పూడ్చిన మట్టి ఇంకా మెత్తగానే ఉంది. దాని వెంట నడిచాం. చెప్పినట్టే, గుడిసెల కింది నుంచి పోయి, హైవే దాటి, గోడ వెనక మాయమైంది. గోడ అవతల ఎడారిలో పచ్చటి ద్రాక్షపందిళ్ళు కనుచూపు మేర సాగాయి.

వాడలో మాకు మర్యాదలేమీ జరగలేదు. గుడిసె గుడిసె ముందూ నీలం డ్రమ్ములు, వాటికి తాళాలు. సెలెస్టీనా అనే ఆడమనిషి, ఆ వీధి పెద్ద, నడుం మీద చేతులు పెట్టుకొని అడ్డం నిలబడింది.

"ఓహో, మీరేనా చెరువు మీద కూర్చున్న దొరలు? మా పిల్లలు స్నానం చేసి పది రోజులైంది. మీరు చుక్క వదలనంటున్నారంట గదా!"

"ఎవరు చెప్పారు?" అంది నెలీదా.

"ఆఫీసువాళ్ళే. మే నెలలో వచ్చి చెప్పిపోయారు. కొండమీదోళ్ళు ఒప్పుకోవడం లేదు, వాళ్ళొప్పుకున్న రోజు మీకు కొళాయి అని."

"మాకు మే నెలలోనే గదమ్మా మంచు గురించి కోడికూర పెట్టింది."

సెలెస్టీనా కాసేపు మా పారల వైపు, మట్టి పట్టిన మా చెప్పుల వైపు చూసింది. పూర్తిగా నమ్మలేదు. కానీ పక్కకు జరిగింది. తన డ్రమ్ము తాళం తీసి ఎదువిహెస్ అత్తకు లోటాడు నీళ్ళిచ్చి, మళ్ళీ తాళం వేసుకుంది. ఆ తాళం చప్పుడు మాలో ఎవరికీ తప్పుగా అనిపించలేదు.

మంగళవారం ఉదయం నీటి పథకం ఆఫీసులో అక్కడి పెద్ద, ఇంజినీరు రివాదెనేరా మమ్మల్ని గంటన్నర నిలబెట్టాడు. తర్వాత పదకొండుగురు వితంతువులనే లోపలికి రానిచ్చాడు. కార్యదర్శిగా నన్ను గుమ్మం దగ్గర ఉండనిచ్చాడు. ఎదువిహెస్ అత్త అతని బల్ల మీద నకలు పెట్టింది. తన భాషలోనే మాట్లాడింది. నేను స్పానిష్‌లో చెప్పాను, ఒక్క మాట కూడా మార్చకుండా.

"ఇరవై మూడో పేరు మా ఆయన. ఆరేళ్ళ కింద పోయాడు. వేలు నాది. హాజరు అంటే వేశా. నీళ్ళు ఇస్తానని ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు."

మిగిలిన పది మంది తమ తమ భర్తల పేర్లు చెప్పారు. ఒకామె పేరు సగంలో ఆపింది. పక్కనున్నామె మోచేత్తో పొడిచింది.

రివాదెనేరా కోపగించుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కొని, మనవడిలా, మెత్తగా మాట్లాడాడు.

"అమ్మా, మీకు ఎవరో చెడు సలహా ఇచ్చారు. మీరిప్పుడు చెప్పింది నేరం. నేను వినలేదనుకుంటాను. ఇంటికెళ్ళండి. వచ్చే వారం మీ పింఛను వస్తుంది. లేదంటారా, ఆ కార్డులు ఇక్కడ పెట్టండి, నేను ప్రాసిక్యూటరును పిలవాల్సొస్తుంది. రెండింట్లో ఏదో మీరే చెప్పండి."

ఆ కార్డు లేకపోతే చలికాలంలో ఎదువిహెస్ అత్త పొయ్యి ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. ఆమెకు నాకన్నా బాగా తెలుసు. కార్డు తీసింది. అతను చేయి చాపాడు. ఆమె దాన్ని అతనికి చూపించి, మళ్ళీ రవికెలో దోపుకుంది.

"ఇదీ నాదే, నీళ్ళూ నావే. పిలుచుకో ఎవర్ని పిలుస్తావో."

పన్నెండు గంటలకు పోలీసు వ్యాను వచ్చింది. పదకొండు మందినీ ఎక్కించారు. ఆఫీసు గేటు బయట ఉర్పైమర్క వాళ్ళం ఒక వైపు, సెలెస్టీనా వెంట వచ్చిన ఇసుకకొండ జనం ఇంకో వైపు నిలబడ్డాం. మధ్యలో వ్యాను. రెండు వైపుల వాళ్ళమూ ఒకరినొకరం చూసుకుంటున్నాం, ముందు ఎవరు వెనక్కి తగ్గుతారా అని.

రివాదెనేరా మెట్ల మీదికి వచ్చి జనంలో వెతికాడు. చిరునవ్వు నవ్వాడు.

"అబ్దోన్! నువ్వు మనవాడివి గదా. దారివ్వమని చెప్పు మీవాళ్ళకి."

మనవాడివి. ఆ ఒక్క మాటతో మూడు వందల మంది చూపులు అబ్దోన్ మీదికి తిరిగాయి. సతూర్నినో నా చెవిలో "చెప్పానా?" అన్నాడు. నేనూ నమ్మాను, ఆ క్షణాన, దాచను. అబ్దోన్ ఇంజినీరు వైపు చూశాడు, మా వైపు చూశాడు. తర్వాత నడుచుకుంటూ పోయి, వ్యాను ముందు చక్రానికి జానెడు దూరంలో, తారు రోడ్డు మీద కూర్చున్నాడు.

"లేవరా!"

లేవలేదు. లాఠీలు మొదట అతని భుజాల మీద, తర్వాత తల మీద పడ్డాయి. ఇసుకకొండ వైపు నుంచి సెలెస్టీనా అరుస్తూ దూకింది. మా వైపు నుంచి నెలీదా. ఇద్దరూ ఒకేసారి ఒకే లాఠీని పట్టుకున్నారు. ఆ తర్వాత ఎవరు ఏ వైపు వాళ్ళో నేను చెప్పలేను. పోలీసులు గాల్లోకి కాల్చి దారి చేసుకున్నారు. నెత్తురోడుతున్న అబ్దోన్‌ను వ్యానులో పడేశారు. తలుపు మూసుకుంటుండగా ఎదువిహెస్ అత్త గొంతు వినిపించింది:

"జరగండే, వీడికి చోటివ్వండి. ఆ తల ఇటు పెట్టు నా ఒళ్ళో. నమ్మానని కాదు, నెత్తురు కారుతోందని."

వ్యాను పోయింది. జనం చెదరలేదు. రోడ్డు మీదే సభ జరిగింది. కూర్చునేటప్పుడు ఈసారి ఎవరూ పక్కవాళ్ళెవరో చూసుకోలేదు. సతూర్నినో కోర్టుకు అర్జీ పెడదామన్నాడు. అర్జీ పెట్టాలని ఒప్పుకున్నాం, నన్ను రాయమన్నారు. పింఛన్లు ఆపితే జిల్లా కేంద్రం ముందు పొయ్యిలు పెట్టి కూర్చోవాలనీ నిర్ణయించాం. తర్వాత సెలెస్టీనా అడిగింది:

"మీ తూము కాడికి ఎంతసేపు?"

"లారీలో నాలుగు గంటలు. ఆపైన నడక," అన్నాను.

"నీళ్ళొస్తే ద్రాక్షతోటకి పోతాయా, మీ చేలకి పోతాయా?"

"చేలకి. మీకు వాటా ఎంతో కూర్చొని తేల్చుకోవాలి."

"తేల్చుకోవాలి," అంది ఆమె, గట్టిగా. "ఊరికే రాము."

బుధవారం పొద్దున ఉర్పైమర్క కొండను రెండు ఊళ్ళు ఎక్కాయి. ఎక్కేటప్పుడు పెద్దగా మాటల్లేవు. పలచటి గాలికి ఇసుకకొండ వాళ్ళు మధ్యమధ్య ఆగి ఆయాసపడ్డారు; మావాళ్ళు కోకా ఆకు అందించారు. కంచె దగ్గర ఉన్న ఇద్దరు పోలీసులూ మూడు వందల యాభై మందిని చూసి, వైర్‌లెస్సులో ఏదో చెప్పి, చెరువు గట్టు ఎక్కి నిలబడ్డారు. గడ్డపారలు తాళం మీద కాక గేటు కీళ్ళ మీద పడ్డాయి. గేటు ఊడి పక్కకు ఒరిగింది; కంచెతో పాటు దాన్ని లోయలోకి దొర్లించాం.

తూము తెరిచేది పూడిక తీశాకే. జైలుకు పోయిన పదకొండు మంది తవ్వాల్సిన వాటాలు కాలువలో ఖాళీగా ఉన్నాయి. ఎవరి వాటా వాళ్ళే తవ్వాలన్నది మా కట్టుబాటు. పట్నం పోయినవాళ్ళకు ఆ కాలువలో దిగే హక్కే లేదు. సతూర్నినో గట్టు మీద నిలబడి ఒక్క క్షణం తటపటాయించాడు. తన చేతిలోని పార సెలెస్టీనాకు ఇచ్చి, మెల్చోర్ సుల్కా వాటా ఎక్కడ మొదలవుతుందో చూపించాడు. ఆమెకు పార పట్టడం చేతకాలేదు. నెలీదా నవ్వింది, తర్వాత పక్కన దిగి చూపించింది.

మధ్యాహ్నానికి మూడు ట్రక్కుల పోలీసులు వచ్చారు. ఇన్‌స్పెక్టరు చేతిలో అరెస్టు చేయాల్సినవాళ్ళ పేర్ల జాబితా ఉంది. గట్టంతా నడిచి చూసి, కంచె ఉండిన చోట ఆగి, గేటు ఎక్కడని అడిగాడు. కాలువలో ఎవరూ పార ఆపలేదు.